ఎలక్ట్రాన్‌ను ఇరుకు గదిలో పెడితే

గోరుకంటే నిదానం

మన చేతి గోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లెక్క కడితే సెకనుకు ఒక నానోమీటరు, పైన కాస్త కొసరు. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. తల వెంట్రుక మందం అలాంటివి 80 వేల దాకా ఉంటుంది. ఇంత నిదానపు గోరు కూడా ఒక యంత్రం పక్కన పెడితే పరుగుపందెం గెలుస్తుంది.

ఆ యంత్రం పేరు మాలిక్యులర్ బీమ్ ఎపిటాక్సీ. 1960ల చివర్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఆల్ఫ్రెడ్ చో, జాన్ ఆర్థర్ దీన్ని ఒక దారికి తెచ్చారు. గాలి దాదాపు పూర్తిగా తోడేసిన ఉక్కు గదిలో గాలియం, ఆర్సెనిక్, అల్యూమినియం మూసల్లో కాగుతుంటాయి. ఆవిరి వెళ్లి ఎదుటి పలక మీద వాలుతుంది. ఒక్క పరమాణువు మందాన పొర పరుచుకోవడానికి సుమారు ఒక సెకను. గంటసేపు నడిపితే ఒక మైక్రాన్ (వెయ్యి నానోమీటర్లు), అంటే గోరు పెరిగే వేగంలో పావు వంతు. మూసకు అడ్డంగా ఉన్న రేకు తీస్తే పొర మొదలు, వేస్తే పొర ఆఖరు. అంత నిదానం కనుకనే ఎక్కడ ఆపాలో అక్కడ, ఒక్క పొర తేడా లేకుండా ఆపగలరు.

ఇలా పేర్చిన రెండు స్ఫటికాల సరిహద్దులో ఎలక్ట్రాన్లు చిక్కుకుపోతాయి. అటూ ఇటూ కదలగలవు కానీ పైకీ కిందకీ పోలేవు. క్యారమ్ బోర్డు మీద బిళ్లల బతుకు. 2021లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో లోరెన్ ఫైఫర్ బృందం పెంచిన స్ఫటికం ఎంత శుభ్రమైనదంటే, అందులో ఎలక్ట్రాన్ దేనికీ గుద్దుకోకుండా మిల్లీమీటరులో మూడో వంతు దాకా సాగిపోతుంది. అదేం దూరం అనకండి. దారిలో అది దాటే పరమాణువులు పది లక్షలు.

అసలు ఇరికించడం ఎందుకు?

ఎలక్ట్రాన్ ఒక రేణువు, ఒక అల కూడా. విశాలమైన చోట ఆ అలతనం బయటపడదు. గది అల పొడవుకు దగ్గరగా వచ్చేసరికి మాత్రం ఎలక్ట్రాన్ ఇష్టమొచ్చిన శక్తితో ఉండలేదు. వీణ తీగ మీద వేలు పై మెట్టుకు జరిపితే స్వరం హెచ్చినట్టు, గది కుంచించుకుపోయేకొద్దీ శక్తి మెట్లు ఎడమవుతాయి. బంగారం వంటి లోహంలో ఎలక్ట్రాన్ అల పొడవు అర నానోమీటరు. ఇందాకటి అర్ధవాహక స్ఫటికాల సరిహద్దులో మాత్రం 50 నానోమీటర్లు. క్వాంటం పరిశోధకులు అర్ధవాహకాల వెంట పడింది ఇందుకే. వంద రెట్లు పెద్ద గది కట్టుకున్నా చాలు, అలతనం కనిపిస్తుంది.

రంగు గాజు, మరచిపోయిన సీసా

గది సైజు మారితే రంగు మారుతుందని ముందుగా పట్టుకున్న చోటు రంగు గాజు పరిశోధన. సోవియట్ యూనియన్‌లో వావిలోవ్ ఆప్టికల్ సంస్థలో అలెక్సీ ఎకిమోవ్ గాజులో కాపర్ క్లోరైడ్ కలిపి, 500 నుంచి 700 డిగ్రీల దాకా వేడిచేసి, కొన్ని ముక్కల్ని గంటసేపు, కొన్నింటిని నాలుగు రోజులు ఉంచి చూశాడు. వేసిన పదార్థం ఒకటే. అయినా గాజు ముక్కలు కాంతిని పీల్చుకునే తీరు వేరువేరుగా ఉంది. లోపల ఏర్పడిన స్ఫటికాల సైజే తేడా. 1981లో ఒక రష్యన్ పత్రికలో వేశారు.

అట్లాంటిక్ అవతల, బెల్ ల్యాబ్స్‌లో లూయీ బ్రస్‌కు ఈ సంగతి తెలియదు. ఆయన ద్రవంలో కాడ్మియం సల్ఫైడ్ రేణువులు చేస్తున్నాడు. చేసిన ద్రవాన్ని బల్ల మీద వదిలేసి, తర్వాత వచ్చి చూస్తే దాని వర్ణపటం మారిపోయి ఉంది. ఊరికే ఉన్న ద్రవంలో రేణువులు పెరిగాయి. ఆవకాయ ఊరినట్టు అన్నమాట. చిన్నవాటి రంగు నీలం వైపు, పెద్దవాటి రంగు ఎరుపు వైపు. ఇవే క్వాంటం డాట్లు.

అన్నీ ఒకే సైజులో చేయడం మూంగీ బవెండి 1993లో ఎంఐటీలో సాధించాడు. వేడి ద్రావకంలోకి ముడిపదార్థాన్ని ఒక్కసారిగా చిమ్మితే స్ఫటికాలన్నీ ఒకే ముహూర్తంలో పుడతాయి, కాబట్టి ఒకే ఈడువి అవుతాయి. ముగ్గురికీ 2023లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ప్రకటనకు కొన్ని గంటల ముందే పేర్లు పొరపాటున ఈమెయిల్‌లో బయటికి పొక్కిపోయాయి. అదే రోజున బవెండి చెప్పిన మరో ముచ్చట నాకు నోబెల్ కంటే నచ్చింది: హార్వర్డ్‌లో చేరాక మొదటి కెమిస్ట్రీ పరీక్షలో ఆయనకు నూటికి 20 మార్కులు వచ్చాయట.

హాల్లో క్యూఎల్ఈడీ టీవీ ఉందా? వెనకాల ఉన్న దీపాలు నీలివే. ఎరుపూ ఆకుపచ్చా క్వాంటం డాట్ల పుణ్యం.

గ్రెనోబుల్‌లో అర్ధరాత్రి దాటాక

1980 ఫిబ్రవరి 4 రాత్రి తెల్లవారితే 5. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బలమైన అయస్కాంతాల ప్రయోగశాల. క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ అనే జర్మన్ ఒక సిలికాన్ ట్రాన్సిస్టర్‌ను ద్రవ హీలియం చలిలో ముంచి, అయస్కాంత క్షేత్రంలో పెట్టి, దాని అడ్డు వోల్టేజీ కొలుస్తున్నాడు. గీత వాలుగా సాగాల్సింది, మెట్లు మెట్లుగా వచ్చింది. మెట్టు మీద నిరోధం 6,453 ఓములు. వేరే నమూనా పెట్టాడు. అదే అంకె. ఇంకోటి, పొడుగుది. అదే. ఎవరు చేసిన ట్రాన్సిస్టరైనా, ఏ ఆకారమైనా అదే అంకె రావడమేమిటి?

దాన్ని 4తో గుణిస్తే సుమారు 25,813 ఓములు. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశపు వర్గంతో భాగించినా అంతే వస్తుంది. అంటే ప్రకృతే ఒక నిరోధాన్ని తూచి ఇచ్చింది. మన కొట్లలో తూకం రాళ్లకు ఏటా ముద్ర వేయించుకోవాలి. దీనికి ఆ బెడద లేదు. 1985లో ఫాన్ క్లిట్జింగ్‌కు నోబెల్ వచ్చింది. 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకాన్నీ ఎలక్ట్రాన్ ఆవేశాన్నీ ఖాయం చేసిన విలువలుగా ప్రపంచం ఒప్పుకోవడంతో, ఈ నిరోధం కూడా ఖాయమైంది: 25,812.807 ఓములు, వెనక ఇంకా దశాంశాలున్నాయి.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది మరొకటి. ఈ మెట్లు వెడల్పుగా, చదునుగా రావడానికి స్ఫటికంలో కొంచెం మలినం కావాలి. మరీ మచ్చలేని స్ఫటికమైతే మెట్టు నిలబడదు. దారి తప్పిన ఎలక్ట్రాన్లు మలినాల చుట్టూ చిక్కుకుని ఉండబట్టే మిగిలినవి అంత కచ్చితంగా నడుస్తాయి.

ఫాన్ క్లిట్జింగ్ పేరు అందరికీ తెలుసు. ఆ ట్రాన్సిస్టర్లు ఎవరు చేశారు? మ్యూనిక్‌లో సీమెన్స్ కంపెనీ ఇంజినీరు గెర్హార్డ్ డోర్డా, కేంబ్రిడ్జ్ నుంచి మైఖేల్ పెప్పర్. పరిశోధన పత్రం మీద ముగ్గురి పేర్లూ ఉన్నాయి. నోబెల్ పతకం మీద ఒక్కరిదే. ఈ రంగంలో వంటవాడి పేరు వడ్డించినవాడి పేరు వెనక ఉండిపోవడం మామూలే. దీనికి ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది.

బొటనవేలు, చూపుడువేలు

1981 అక్టోబరు. ఎంఐటీలోని అయస్కాంత ప్రయోగశాలలో డేనియల్ సుయ్, హార్స్ట్ స్టోర్మర్ కలిసి గ్రాఫు గీసుకుంటున్న పెన్నును చూస్తున్నారు. చివరి మెట్టు దాటాక గీత ఊరికే పైకి పోవాలి. పోలేదు, మళ్లీ ఒక మెట్టు లేచింది. సుయ్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎడం పెట్టి, సున్నా నుంచి పాత మెట్టుకు ఎంత దూరమో కొలిచి, అలాగే జరుపుకుంటూ కొత్త మెట్టు దాకా వెళ్లాడు. సరిగ్గా మూడు ఎడాలు. ‘క్వార్కులు!’ అన్నాడట నవ్వుతూ. ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడో వంతు అనే లెక్క అప్పటికి క్వార్కులకే పరిమితం మరి.

ఆ మాట పూర్తిగా వేళాకోళం కాలేదు. 1983లో రాబర్ట్ లాఫ్లిన్ సిద్ధాంతం వచ్చింది: ఎలక్ట్రాన్లు గుంపుగా కలిసి నడిస్తే, ఆ గుంపులో పుట్టే అల్లరి ఒక్కొక్కటి మూడో వంతు ఆవేశం మోస్తుంది. ఎలక్ట్రాన్ ముక్కలవదు. అయినా మూడో వంతు ఆవేశం నిజంగానే కదులుతుంది. 1997లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ సంస్థలో, ఫ్రాన్స్ సాక్లేలో విద్యుత్తు చేసే సన్నని రొదను కొలిచి దీన్ని రుజువు చేశారు.

సుయ్, స్టోర్మర్, లాఫ్లిన్‌లకు 1998లో నోబెల్ ఇచ్చారు. ఆ స్ఫటికాన్ని పొర మీద పొరగా పెంచిన ఆర్థర్ గోసార్డ్ తొలి పత్రంలో మూడో రచయిత. నోబెల్ ఒక ఏడాది ముగ్గురికి మించి ఇవ్వరు. రూలు రూలే, కానీ స్ఫటికం లేకపోతే సుయ్ వేళ్లు దేన్ని కొలిచేవి?

ఇలాంటి పాక్షిక మెట్లు ఆ తర్వాత డజన్ల కొద్దీ బయటపడ్డాయి. వాటన్నిటినీ ఒకే సూత్రంతో కుట్టినవాడు రాజస్థాన్‌లోని సాంభర్‌లో పెరిగిన జైనేంద్ర జైన్. ఒక్కో ఎలక్ట్రాన్ రెండు అయస్కాంత సుడులను చంకన పెట్టుకుని తిరుగుతుందనుకుంటే లెక్క తేలికవుతుందని 1989లో చెప్పాడు. 2025 వుల్ఫ్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు.

సెలోటేప్, కప్ప, హ్యామ్‌స్టర్

మాంచెస్టర్‌లో ఆండ్రీ గైమ్ శిష్యులకు శుక్రవారం సాయంత్రాలు పనికిరాని ప్రయోగాలు చేసుకునే స్వేచ్ఛ ఉండేది. గ్రాఫైట్ దిమ్మను నున్నగా చేయడానికి పైన సెలోటేప్ అంటించి పీకడం ప్రయోగశాలల్లో మామూలు, ఆ టేప్ చెత్తబుట్టలో వేయడమూ మామూలే. గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ ఆ టేపును పారేయలేదు. మడిచి పీకి, మళ్లీ మడిచి పీకి, చివరికి ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొర దాకా వచ్చారు. 2004లో ప్రకటిస్తే 2010లో నోబెల్.

ఒక్క పరమాణువు మందం కంటికెలా కనిపించింది? అదొక అదృష్టం. సిలికాన్ పలక మీద 300 నానోమీటర్ల ఆక్సైడ్ పూత ఉంటే, దాని మీద వాలిన గ్రాఫీన్ మామూలు సూక్ష్మదర్శినిలో కూడా లేత ఊదారంగు నీడలా కనిపిస్తుంది.

గైమ్ అంతకుముందు 1997లో బతికున్న కప్పను అయస్కాంతంతో గాల్లో తేలేశాడు. దానికి 2000లో ఇగ్ నోబెల్ అనే నవ్వుల బహుమతి వచ్చింది. రెండు నోబెళ్లూ విడివిడిగా అందుకున్నది ఆయనొక్కడే. 2001లో ఒక పత్రానికి తన పెంపుడు హ్యామ్‌స్టర్ టీషాను సహరచయితగా కూడా చేర్చాడు.

గ్రాఫీన్ పొర మీద ఇంకో గ్రాఫీన్ పొరను 1.1 డిగ్రీలు తిప్పి పెడితే అది చలిలో నిరోధమే లేని అతివాహకమవుతుంది. 2018లో ఎంఐటీలో ఈ పని చేసిన యువాన్ కావ్ వయసు అప్పటికి 21.

తీగకు వేలిముద్ర

1985లో ఐబీఎంలో రిచర్డ్ వెబ్ బృందం బంగారంతో 800 నానోమీటర్ల ఉంగరం చేసింది. ఎవరి వేలికీ కాదు, ఎలక్ట్రాన్ కోసం. ఉంగరం ఒక పక్క నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ కుడివైపూ ఎడమవైపూ ఒకేసారి తిరిగి అవతల తనను తానే కలుసుకుంటుంది. మధ్యలో ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని పెంచుతూ పోతే నిరోధం ఊయలలా ఊగింది. ఇలా జరుగుతుందని అహరోనోవ్, బోమ్ అనే భౌతికశాస్త్రవేత్తలు 1959లో చెప్పిన మాట ఉంగరంలో కనిపించింది.

ఆ ఊయలతో పాటు గ్రాఫులో పిచ్చి గీతలు కూడా వచ్చేవి. యంత్రం రొదే అనుకున్నారు మొదట. మర్నాడు మళ్లీ కొలిస్తే అవే పిచ్చి గీతలు, అదే వరసలో. తీగలో మలినాలు ఎక్కడెక్కడ ఉన్నాయో దాన్ని బట్టి ప్రతి తీగకూ ఒక గీతల ముద్ర ఉంటుంది. చలిలో ఉన్నన్నాళ్లూ అది మారదు. ఒకసారి గది వేడికి తెచ్చి మళ్లీ చల్లబరిస్తే మలినాలు కాస్త జరుగుతాయి, ముద్ర మారిపోతుంది. ఒక్క పరమాణువు జరిగినా తీగ మొత్తానికి తెలుస్తుంది.

3 నానోమీటర్ల చిప్‌లో 3 నానోమీటర్లు ఎక్కడ?

ఎక్కడా లేవు. ఫోన్ డబ్బా మీద ‘3 నానోమీటర్’ అని ఉంటుంది కదా, అది ఒకప్పుడు ట్రాన్సిస్టర్ గేటు కొలతే. ఇప్పుడది తరం పేరు మాత్రమే. అలాంటి చిప్‌లో ఒక గేటు నుంచి పక్క గేటుకు 50 నానోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది.

నిజంగానే సన్నగా ఉండి తిప్పలు పెట్టింది గేటు కింది పూత. 2000ల మొదట్లో అది 1.2 నానోమీటర్లకు, అంటే ఐదారు పరమాణువుల మందానికి వచ్చింది. అంత సన్నని గోడను ఎలక్ట్రాన్ దూకనక్కర్లేదు, గోడలోంచే అవతలికి వెళ్లిపోతుంది. చిప్ ఊరికే ఉన్నా వేడెక్కేది. 2007లో ఇంటెల్ సిలికాన్ ఆక్సైడ్ మాని హాఫ్నియం పూతకు మారింది.

అదే దొంగతనాన్ని మనం జేబులో వేసుకుని తిరుగుతున్నాం కూడా. పెన్‌డ్రైవ్‌లో ఫొటో దాచుకోవడమంటే ఎలక్ట్రాన్లను గోడ దాటించి ఒక గదిలో బంధించడమే. కరెంటు తీసేసినా అవి అక్కడే ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లోని ఈ ఫ్లాష్ మెమరీ తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువొకా ఆలోచన.

ఫైన్‌మన్ రెండు పందేలు

1959 డిసెంబరు 29న కాల్టెక్‌లో రిచర్డ్ ఫైన్‌మన్ ఉపన్యాసమిచ్చాడు. గుండుసూది తల మీద ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 24 సంపుటాలూ ఎందుకు రాయలేం అని అడిగి, వెయ్యి డాలర్ల చొప్పున రెండు పందేలు కాశాడు. ఒకటి, అంగుళంలో 64వ వంతు ఘనంలో ఇమిడే మోటారు. రెండోది, పుస్తకంలో ఒక పేజీని 25 వేల రెట్లు చిన్నది చేయడం.

మోటారు కోసం కొత్త విద్య ఏదైనా పుడుతుందని ఆయన ఆశ. ఏడాది తిరక్కుండానే విలియం మెక్‌లెలన్ అనే ఇంజినీరు పెద్ద పెట్టెతో దిగాడు. అప్పటికే పందెం అర్థం కానివాళ్లు పెద్ద మోటార్లు తెచ్చి చూపించి ఉన్నారు. వీడూ అంతే అనుకున్నాడు ఫైన్‌మన్. పెట్టెలోంచి సూక్ష్మదర్శిని బయటికి రాగానే గుండె గుభేలుమంది. మెక్‌లెలన్ పట్టకారుతో, మామూలు పనిముట్లతో, మధ్యాహ్నం భోజన విరామాల్లో కూర్చుని దాన్ని చేసేశాడు. కొత్త విద్య ఏమీ పుట్టలేదు. ఫైన్‌మన్ మాట మీద నిలబడి డబ్బిచ్చాడు.

రెండో పందెం 1985 దాకా ఆగింది. స్టాన్‌ఫర్డ్ విద్యార్థి టామ్ న్యూమన్ ఎలక్ట్రాన్ కిరణంతో డికెన్స్ ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ మొదటి పేజీ చెక్కాడు. రాయడం కంటే, రాశాక ఆ పేజీ ఎక్కడుందో వెతుక్కోవడానికే ఎక్కువ అవస్థపడ్డాడు.

పరమాణువును తోయడం

1981లో జ్యూరిక్ దగ్గర ఐబీఎం ప్రయోగశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్‌రిష్ రోరర్ సూదిమొనను ఒక లోహం మీదికి నానోమీటరులోపు దూరానికి తెచ్చారు. తాకలేదు. అయినా ఎలక్ట్రాన్లు ఖాళీని దాటాయి. దూరం నానోమీటరులో పదో వంతు పెరిగితే ఆ విద్యుత్తు పదో వంతుకు పడిపోతుంది. అంత సున్నితం కనుక సూదిని ఉపరితలం మీద నడిపిస్తే పరమాణువుల గుట్టలూ గుంటలూ కనిపిస్తాయి. గుడ్డివాడు చేత్తో తడిమి ముఖం పోల్చుకున్నట్టు. 1986లో నోబెల్.

అదే సూదితో పరమాణువును తోయొచ్చని కాలిఫోర్నియాలోని ఐబీఎం ప్రయోగశాలలో డాన్ ఐగ్లర్ చూపించాడు. 35 జెనాన్ పరమాణువులతో నికెల్ మీద తమ కంపెనీ పేరు మూడక్షరాలు రాశాడు. 1993లో రాగి మీద 48 ఇనుప పరమాణువులను గుండ్రంగా పేర్చి దడి కట్టాడు. దడి లోపల చిక్కుకున్న ఎలక్ట్రాన్లు కోనేటిలో రాయి వేసినట్టు వలయాలు కట్టాయి. ఆ బొమ్మ పుస్తకాల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. నేను మాత్రం ఇప్పటికీ చూసినప్పుడల్లా కాసేపు ఆగుతాను. ఎలక్ట్రాన్ అల అని లెక్కల్లో చదవడం వేరు, అల కనిపించడం వేరు.

అదే సంస్థ 2013లో కార్బన్ మోనాక్సైడ్ అణువులను ఒక్కో ఫ్రేముకు జరుపుతూ 242 ఫ్రేముల సినిమా తీసింది. బంతితో ఆడుకునే పిల్లవాడు హీరో.

2012లో ఆస్ట్రేలియాలో మిషెల్ సిమన్స్ బృందం ఇదే సూదితో సిలికాన్ మీద హైడ్రోజన్ పూతలో చిల్లులు చేసి, ఒకే ఒక్క ఫాస్ఫరస్ పరమాణువును కచ్చితంగా అనుకున్న చోట నిలబెట్టి దాన్నే ట్రాన్సిస్టర్ చేసింది.

పొద్దుటి నీడ, సాయంత్రపు నీడ

ఈ చిప్‌లు చేసే క్లీన్‌రూమ్ కిటికీలోంచి చూస్తే లోపలంతా పసుపు వెలుతురు. అలంకారం కాదు. చిప్‌కు పూసే రసాయనం నీలికాంతి తగిలితే పాడవుతుంది. లోపలికి పెన్సిల్ తీసుకెళ్లకూడదు, గ్రాఫైట్ పొడి రాలుతుంది. మామూలు కాగితమూ వద్దు, నూగు రాలుతుంది. పౌడరు సంగతి చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే మురికి వస్తువు మనిషి. ఆ తెల్ల దుస్తులు చిప్‌ను మన నుంచి కాపాడడానికే.

ఎలక్ట్రాన్ కిరణంతో గీతలు గీసే పూత పేరు పీఎంఎంఏ. పేరు కొత్తగా ఉన్నా వస్తువు పాతదే. షాపుల బోర్డులకు వాడే అక్రిలిక్ షీటు అదే ప్లాస్టిక్. కిరణం పడ్డ చోట దాని గొలుసులు తెగి ద్రావకంలో కరిగిపోతాయి. పైన లోహం పూసి, మిగిలిన ప్లాస్టిక్‌ను అసిటోన్‌లో కడిగేస్తే గీసిన చోటే లోహం మిగులుతుంది. ముగ్గు అచ్చులోంచి పిండి రాల్చి అచ్చు ఎత్తేసినట్టే.

1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో జెరాల్డ్ డోలన్ ఈ అచ్చుతో ఒక చమత్కారం చేశాడు. ప్లాస్టిక్‌లో గాల్లో వేలాడే చిన్న వంతెన కట్టాడు. ఒక పక్క నుంచి వాలుగా అల్యూమినియం ఆవిరి పట్టాడు. కాస్త ఆక్సిజన్ వదిలి ఆ లోహానికి ఒకటి రెండు నానోమీటర్ల తుప్పు పట్టనిచ్చాడు. తర్వాత రెండో పక్క నుంచి ఆవిరి. పొద్దున ఒక వైపూ సాయంత్రం మరో వైపూ వంతెన నీడ పడ్డట్టు, రెండు అల్యూమినియం పొరలు వంతెన కింద ఒకదాని మీద ఒకటి పడి, మధ్యలో తుప్పు ఇరుక్కుంటుంది. 1987లో ఇదే ఉపాయంతో ఆయనా థియోడర్ ఫుల్టన్ కలిసి ఎలక్ట్రాన్లను ఒకటొకటిగా పంపే ట్రాన్సిస్టర్ చేశారు. లోపల ఒక ఎలక్ట్రాన్ ఉంటే రెండోది రాలేదు. వన్-సీటర్ అన్నమాట.

ఆ తుప్పు సందునే జోసెఫ్‌సన్ జంక్షన్ అంటారు. దాన్ని 1962లో కాగితం మీద ఊహించినప్పుడు బ్రయాన్ జోసెఫ్‌సన్ కేంబ్రిడ్జ్‌లో 22 ఏళ్ల పరిశోధక విద్యార్థి. అతివాహకత గుట్టు విప్పిన జాన్ బార్డీన్ ‘అలా జరగదు’ అన్నాడు. మరుసటి ఏడాదే జరిగింది. 1985 ప్రాంతంలో బర్క్‌లీలో జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్ ఇలాంటి జంక్షన్ ఉన్న సర్క్యూటు మొత్తం ఒకే క్వాంటం వస్తువులా ప్రవర్తిస్తుందని చూపించారు. నలభై ఏళ్లకు, 2025లో వాళ్లకు నోబెల్ వచ్చింది. నేటి చాలా క్వాంటం కంప్యూటర్ల గుండెకాయ ఇదే జంక్షన్. ఆ కంప్యూటర్లలో సమాచారం దాచే మూలాంశాలు క్యూబిట్లు. కొన్ని క్యూబిట్ల పలకలు భూతద్దం లేకుండానే కంటికి ఆనుతాయి. మధ్యలోని తుప్పు సందు మాత్రం ఆనదు.

ఉక్కు సంగతి

2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కలో కార్బన్ నానోట్యూబులు, అంటే గ్రాఫీన్ పొరను చుట్ట చుట్టినట్టుండే గొట్టాలు, చూశామన్నారు. అలాంటి కత్తులకు ముడిసరుకు దక్షిణాది ఊట్జ్ ఉక్కు. ఊట్జ్ అనే మాటకు మూలం మన ‘ఉక్కు’ వంటి దక్షిణాది మాటేనంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకు పేరున్న ఊరు. దీన్ని పట్టుకుని మనవాళ్లు నానో టెక్నాలజీ కనిపెట్టేశారనడం అతి. కమ్మరికి నానోట్యూబు తెలియదు, పదును తెలుసు.

మాయోరానా తగాదా

ఇటలీ సిద్ధాంతకర్త ఎట్టోరే మాయోరానా 1937లో ఒక విచిత్రమైన కణాన్ని ఊహించాడు: అదే దానికి వ్యతిరేక కణం కూడా. మరుసటి ఏడాది పలెర్మో నుంచి నేపుల్స్‌కు ఓడెక్కి మాయమయ్యాడు. ఆయన ఏమయ్యాడో నేటికీ తేలలేదు.

ఆ కణంలా ప్రవర్తించేది అర్ధవాహకపు నానోతీగ చివర్లో పుడుతుందనీ, దానితో తప్పులు తక్కువ చేసే క్వాంటం కంప్యూటర్ కట్టొచ్చనీ మైక్రోసాఫ్ట్ ఏళ్ల తరబడి పందెం కాస్తోంది. 2018లో ఆ దిశగా నెదర్లాండ్స్ నుంచి ‘నేచర్’లో వచ్చిన పత్రాన్ని రచయితలే 2021లో వెనక్కి తీసుకున్నారు. ఇతర శాస్త్రవేత్తలు అసలు డేటా మొత్తం అడిగి చూస్తే, పత్రంలో వేయని గీతలు వేరే కథ చెప్పాయి. 2025 ఫిబ్రవరిలో ‘మాయోరానా 1’ చిప్‌ను కంపెనీ ప్రకటించింది. మన హైదరాబాదీ సత్య నాదెళ్ల ఉత్సాహంగా చెప్పుకొచ్చారు. అదే రోజు ‘నేచర్’ పత్రంతో పాటు బయటపెట్టిన సమీక్ష పత్రాల్లో, ఈ ఫలితాలు ఆ కణం ఉన్నట్టు రుజువు కావని సంపాదకులు రాసిపెట్టారు. తీగ మాత్రం గొప్ప పనితనం: ఇండియం ఆర్సెనైడ్ మీద అల్యూమినియం, మధ్యలో ధూళి కణం లేకుండా. తగాదా దాని చివర ఏముందనే.

చలి ఎక్కడిది?

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో చాలా ప్రయోగాలు గది వేడిలో పనిచేయవు. వేడి అంటే కుదుపు, కుదుపుకు సన్నని శక్తి మెట్లు చెరిగిపోతాయి. అతివాహక క్యూబిట్లున్న చిప్‌ను పరమ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందో వంతు పైదాకా చల్లబరుస్తారు. నక్షత్రాల మధ్య అంతరిక్షం అంతకంటే రెండు వందల రెట్లకు పైగా వెచ్చన. క్వాంటం కంప్యూటర్ ఫొటోల్లో వేలాడే బంగారు షాండ్లియర్ కంప్యూటర్ కాదు, ఫ్రిజ్. అసలు చిప్ దాని అడుగున ఉంటుంది.

ఆ ఫ్రిజ్‌లో తిరిగేది హీలియం, రెండు రకాలు. తేలికదైన హీలియం-3 భూమి మీద దొరకడమే అరుదు. అణ్వాయుధాల కోసం నిలవచేసిన ట్రిటియం కాలక్రమేణా క్షయించి మారితే అది వస్తుంది. అణుబాంబు గోదాములకూ క్వాంటం ల్యాబులకూ ఉన్న చుట్టరికం ఇది.

మామూలు హీలియం జాడ మొదట దొరికింది ఆకాశంలో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తీరం మీదుగా నడిచింది. ఫ్రాన్స్ నుంచి జూల్స్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో వర్ణపట దర్శినులు బిగించుకుని కూర్చున్నారు. సూర్యుడి అంచు మంటల్లోంచి వచ్చిన కాంతిలో మెరిసే గీతలు కనిపించాయి. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడొచ్చని జాన్సెన్ అక్కడే మర్నాడు చూసి తేల్చాడు. ఆ అక్టోబరులో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ అదే మంటల్లో పసుపు గీత చూశాడు. అది సోడియంది కాదనీ, భూమి మీద ఎరగని మూలకానిదనీ తర్వాత అన్నాడు. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద 1895లో దొరికింది. 1908 జూలై 10న లైడెన్‌లో కామర్లింగ్ ఓన్నెస్ దాన్ని ద్రవంగా మార్చాడు, మూడేళ్లకు దాని చలిలోనే అతివాహకత బయటపడింది.

కేంద్రం 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆమోదం ఇచ్చింది. అమరావతిలో క్వాంటం వ్యాలీ కడతామనీ, అందులో ఐబీఎం వారి 156 క్యూబిట్ల హెరాన్ చిప్ ఉన్న యంత్రాన్ని పెడతారనీ 2025 మేలో ప్రకటించారు. దాని అడుగున వేలాడే చిప్‌కూ హీలియమే కావాలి. జాన్సెన్ గ్రహణం చూసిన గుంటూరు నుంచి అక్కడికి బస్సులో గంట, మహా అయితే గంటన్నర.